కాగితాలు దాచిన రోజు

ఆ రోజు ఇంట్లోంచి బయలుదేరే ముందు, మా పాప ఆసుపత్రి కాగితాలన్నిటినీ బొరుగుల సంచి అడుక్కి తోసేశాను. నా భార్య అప్పుడు పెరటి తలుపు గడియ వేయడానికి లోపలికి వెళ్లింది. పాప నా చంకలోనే ఉంది. ఆరేళ్ల పిల్ల. మెడ నిలవదు. చేతులు వాటంతట అవే మెలికలు తిరుగుతుంటాయి. మాట లేదు. నేను కాగితాలు తోస్తుంటే తల వాల్చి నా చేతి వైపే చూసింది. చూస్తే చూసిందిలే అనుకున్నాను. గోడ చూసినా, ఆ పిల్ల చూసినా ఒకటే అని అప్పట్లో నా నమ్మకం. ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది.

కాగితాలు ఎందుకు దాచానో చెప్పాలి. అప్పటికి నాలుగు ఆసుపత్రులు తిరిగాం. మొదటి డాక్టరు ఒక కాగితం మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు రాశాడు. మెదడు ఎదగని పిల్ల అని వాటికి అర్థమట. రెండో డాక్టరు ఆ కాగితం చదివి తనూ అవే రెండు అక్షరాలు రాశాడు. మూడో ఆయన పాప ముఖం కూడా చూడలేదు. కాగితాలు తిరగేసి, పెన్ను తీసి, అవే రాశాడు. నాలుగో చోటా అంతే. పదో తరగతి పరీక్షలో ముందు బెంచీవాడి పేపరు చూసి రాసే పిల్లల్లా అనిపించారు నాకు. అందుకే ఈసారి వచ్చే డాక్టరుకు కాపీ కొట్టే వీలు లేకుండా చేద్దామనుకున్నాను. ఏం చెబుతారో సొంతంగా చెప్పనీ.

నేను బస్సు కండక్టర్ని. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో బెళుగుప్ప మీదుగా పోయే పల్లె బస్సు నాది. నా ఉద్యోగమే జనాన్ని అనుమానించడం. టికెట్టు తీసుకోనివాడు కిటికీలోంచి ఎంత శ్రద్ధగా బయటికి చూస్తాడో, పన్నెండేళ్ల కొడుకును ఐదేళ్లవాడని చెప్పే తల్లి ఎంత గట్టిగా మాట్లాడుతుందో నాకు తెలుసు. కళ్లు చూస్తే చాలు, మనిషిని పట్టేస్తానని మా డిపోలో పేరు. ఆ అలవాటు ఇంటికి కూడా తెచ్చుకున్నాను.

అసలు ఈ ప్రయాణం మొదలైన తీరే నాకు నచ్చలేదు. మా రూట్లో రోజూ ఒకామె ఎక్కేది. గుడ్డ సంచి, నల్ల గొడుగు. పల్లెల్లో కాళ్లూ చేతులూ సరిగా లేని పిల్లల ఇళ్లకు తిరుగుతుందని విన్నాను. ఒకరోజు టికెట్టు ఇస్తుంటే ఆమె నా చేతిలో ఒక చీటీ పెట్టింది.

“అన్నా, మీ పాపను వచ్చే బుధవారం ఈ ఆసుపత్రికి తీస్కరా. బెంగుళూరు నుంచి పెద్ద డాక్టరమ్మ వస్తాది. నెలకొక్కసారే వచ్చేది.”

“మా పాప సంగతి నీకెవరు చెప్పినారు?”

“ఎవరో చెప్పినార్లే అన్నా. నువ్వు తీస్కరా.”

ఆ మాట అంటూ ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. నా ఇంటి సంగతి ఈమెకు ఎవరు చేరవేశారు? ఊరికే పిలిచే ఆసుపత్రికి మా పాపతో ఏం పని? మా డ్రైవరును అడిగితే ఉన్న అనుమానానికి ఇంకో రెండు కలిపాడు.

“ఏంటికప్పా పోతావు? ఫోటోలు తీస్కోని పైదేశాల వాళ్లకు చూపించుకుంటారు. అంతే. మత్తిచ్చి కిడ్నీ తీసేసినా నీకు తెల్దు.”

“అంత చిన్న పిల్ల కిడ్నీ ఎవరికి కావల్లన్నా?”

“నాకేం తెలుసు? చెప్పేది చెప్పినా.”

చీటీ చించేద్దామనుకున్నాను. కానీ నా భార్య దాన్ని దేవుడి పటం వెనక పెట్టి, రోజూ “బుధవారానికి ఇంగ ఎన్ని దినాలుండాయి?” అని అడగసాగింది. ఆమె అంత పట్టు పట్టడం కూడా నాకు వింతగానే తోచింది. చివరికి సెలవు పెట్టాను.

అనంతపురంలో బస్సు మారి, ఆసుపత్రి చేరేసరికి పది దాటింది. చిన్న పెంకుల కట్టడం. వరండాలో చాపల మీద పది పన్నెండు కుటుంబాలు. ఒక ముసలాయన మనవడిని గొర్రెపిల్లలా భుజాల మీద వేసుకుని నిలబడి ఉన్నాడు. రిజిస్టరు దగ్గరున్న అమ్మాయి ఒక కాగితం ఇచ్చి సంతకం చేయమంది. నేను దాన్ని మూడుసార్లు చదివాను. కింద ఒక వరుసలో, పాప ఫోటో తీయడానికి మాకు సమ్మతమే అని ఉంది. జేబులోంచి పెన్ను తీసి ఆ వరుస మొత్తం కొట్టేశాను.

“ఫోటో వద్దా అన్నా? సరేలే,” అంది ఆ అమ్మాయి.

అంత సులువుగా సరే అనడం నాకు ఇంకా అనుమానం కలిగించింది. పేచీ పెట్టి ఉంటే బాగుండేదనిపించింది. తర్వాత ఆమె, తల్లిదండ్రుల్లో ఒకరే లోపలికి వెళ్లాలంది. ఇద్దరం పోతాం, లేదంటే ఇటునుంచి ఇటే ఊరికి పోతాం అన్నాను. దానికీ సరే అంది.

డాక్టరమ్మకు యాభై ఏళ్లుంటాయి. నెరిసిన జుట్టు, నూలు చీర. కుర్చీ ఉన్నా కింద చాప మీద కూర్చుంది. “బన్నీ బన్నీ, రండి, కూర్చోండి,” అంది కన్నడం కలిసిన తెలుగులో. పాపను నా భార్య ఒడిలో కూర్చోబెట్టుకుంది. సంచి నా పక్కనే పెట్టుకున్నాను. డాక్టరమ్మ పాపను ముట్టుకోలేదు. మెడలో గొట్టం తీయలేదు. ఊరికే చూస్తూ కూర్చుంది. ఐదు నిమిషాలయ్యాక నాకు ఓపిక నశించింది. ఏం చూస్తోంది ఈమె? సంతలో గొడ్డును చూసినట్టు?

“పాపకు ఏమంటే ఇష్టం?” అని అడిగింది.

“ఆ పిల్లకు ఇష్టాలేముంటాయి మేడమ్, పెట్టింది తింటాది.”

“బొరుగులు,” అంది నా భార్య, నా మాట పూర్తి కాకముందే. “నానబెట్టి పెడితే తింటాది. చారన్నం పెడితే మూతి తిప్పుకుంటాది.”

డాక్టరమ్మ తలూపి, బల్ల మీదినుంచి వేరే ఎవరిదో పాత ఫైలు ఒకటి తీసి, చేత్తో పట్టుకుని చూపించింది.

“ఇలాంటివి, పాత కాగితాలు ఏమైనా ఉన్నాయా?”

“లేవు మేడమ్,” అన్నాను. “వానకు తడిసి పోయినాయి.”

“వానా? ఎక్కడ పడింది వాన?”

మా వైపు అప్పటికి రెండేళ్లుగా చెప్పుకోదగ్గ వాన లేదు. నా భార్య నా వైపు ఆశ్చర్యంగా చూసింది. నేను కాగితాలు ఇంట్లో మరిచిపోయి అబద్ధమాడుతున్నాననుకుందట. డాక్టరమ్మ మాత్రం మా ఇద్దరినీ చూడటం లేదు. పాపను చూస్తోంది.

పాప సంచిని చూస్తోంది. తల ఒక పక్కకు పోతోంది, చేయి గాల్లో మెలికలు తిరుగుతోంది, కానీ కళ్లు మాత్రం సంచి మీదే ఉన్నాయి. డాక్టరమ్మ ఫైలును కొంచెం కదిలించింది. పాప ఫైలును చూసింది, మళ్లీ సంచిని చూసింది. తర్వాత నన్ను చూసింది.

“సంచిలో ఉన్నాయని చెబుతోంది మీ పాప,” అంది డాక్టరమ్మ.

ఎన్ని వేలమంది కళ్లు చూసి ఉంటాను నా ఉద్యోగంలో. టికెట్టు లేనివాళ్లను పట్టించాయి ఆ కళ్లు. ఆరేళ్లు నా చంకలో తిరిగిన పిల్ల కళ్లను మాత్రం ఒక్కసారి కూడా అలా చూడలేదు. సంచిలో చెయ్యి పెట్టి, బొరుగుల పొట్లం కిందినుంచి కాగితాలు తీసిచ్చాను. నా భార్య నోరు తెరుచుకుని చూస్తోంది. ఆ కాగితాలు అక్కడున్నట్టు నాకూ, పాపకూ తప్ప ఎవరికీ తెలియదు.

డాక్టరమ్మ కోప్పడలేదు. వాటిని చదవనూ లేదు. బోర్లించి బల్ల మీద పెట్టింది. “ఇవి తర్వాత చూస్తాను. ముందు పుట్టిని చూడనీ,” అంది. పుట్టి అంటే కన్నడంలో చిన్నపాప అని.

అయినా నేను అంత త్వరగా లొంగే మనిషిని కాను. గారడీవాడు పావురాన్ని తీసినప్పుడు మనం నోరు తెరవడం లేదా? ఇదీ అలాంటిదేనేమో అనుకున్నాను. డాక్టరమ్మ చిన్న గంట తీసి పాప వెనక మోగించింది. పాప కదల్లేదు. తర్వాత చెక్కబల్లను అరచేత్తో దబదబా బాదింది. పాప ఉలిక్కిపడి, తల తిప్పడానికి ప్రయత్నించింది.

“బల్ల అదిరింది కదా మేడమ్, చాప కింద నేల కూడా అదురుతాది,” అన్నాను.

“అయితే మీరే చూడండి.”

ఆమె పాపను నా భార్య ఒడిలోంచి ఎత్తి, పక్కనున్న పరుపు మంచం మీద కిటికీ వైపు ఒత్తిగిలేలా పడుకోబెట్టింది. నా జేబులో ఎప్పుడూ ఉండే విజిలు తీసి, పాప వెనక నిలబడి గట్టిగా ఊదాను. వరండాలో ఎవరిదో చంటిబిడ్డ ఏడుపు లంకించుకుంది. మా పాప కిటికీ వైపు చూస్తూ అలాగే ఉంది. డాక్టరమ్మ సైగ చేస్తే, నేను వెనకనుంచే బొంగురు గొంతుతో “పాపా” అన్నాను. కళ్లు నా గొంతు వచ్చిన వైపు తిరిగాయి.

ఇంట్లో ఎన్నోసార్లు ఆ విజిలు ఊదాను నేను. పలకలేదని, బుద్ధి లేదని తీర్పు చెప్పేశాను.

“సన్నటి శబ్దాలు ఈమెకు వినబడవు. లావు గొంతు కొంచెం వినబడుతుంది,” అంది డాక్టరమ్మ. తర్వాత పాప పళ్లు చూసింది. పచ్చగా, గారపట్టినట్టు ఉంటాయి అవి. ఒక బొమ్మను పైకెత్తి చూపించింది. పాప కళ్లు పైకి పోలేకపోయాయి. చివరికి పాప మణికట్టు పట్టుకుని, అక్కడున్న నల్లటి మచ్చను వేలితో తడిమింది.

“పుట్టినప్పుడు బాగా పచ్చగా అయిందా పాప? పచ్చకామెర్లు?”

“లేదు మేడమ్,” అన్నాను. “అట్లాంటిదేం లేదు. ఆ మచ్చ ఉయ్యాల మేకు గీసుకోని పడింది.”

నాకు చెప్పింది అదే. కాన్పు మా అత్తగారి ఊళ్లో, తాడిపత్రి దగ్గర జరిగింది. మా మామ బండల పాలిష్ ఫ్యాక్టరీలో కూలి. నెల తర్వాత నేను వెళ్లి చూస్తే మణికట్టు మీద పుండు మానుతూ ఉంది. మేకు అన్నారు. నేను నమ్మలేదు. ఉయ్యాల్లోంచి పిల్లను కింద పడేసి దాస్తున్నారని ఆరేళ్లుగా లోలోపల అనుకుంటూ ఉన్నాను. ఒక్కసారి కూడా బయటికి అనలేదు. ఆ ఇంట్లో మాత్రం మళ్లీ అన్నం ముట్టలేదు.

నా భార్య నేల చూస్తోంది. డాక్టరమ్మ ఆమెను తొందరపెట్టలేదు.

“అయింది మేడమ్,” అంది నా భార్య. “మూడో దినానికే పచ్చగైపాయ. కండ్లు గూడా. పాలు తాగల్యా. ఏడిస్తే పిల్లి కూసినట్ల సన్నగా ఉండె. మా అమ్మ చేతికి వాత పెట్టించె. ఆకుపసరు పోసిరి. పది దినాలకు పచ్చ తగ్గె. తగ్గెనని సంబరపడితిమి.”

నా అనుమానం తప్పు, కానీ దాచారన్నది నిజం. ఆ రెంటిలో దేనికి కోపం తెచ్చుకోవాలో తెలియక కూర్చున్నాను.

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. పుట్టిన బిడ్డలో ఆ పచ్చదనం మరీ ఎక్కువైతే తలలోకి పోతుందట. ఒళ్లు కదిలించే చోటునూ, వినికిడినీ దెబ్బతీస్తుందట. అర్థం చేసుకునే శక్తి చాలామందిలో మిగులుతుందట. “మీ పాపకు మిగిలింది. ఇందాక మీరే చూశారు కదా,” అంది. “వాత వల్ల వచ్చింది కాదు ఇది. ఆ రోజుల్లో ఆసుపత్రికి తీసుకెళ్లి ఉంటే తగ్గేదేమో. ఆ మాట చెప్పేవాళ్లు మీ అమ్మగారికి ఎవరున్నారు?”

“నడుస్తాదా మేడమ్?” అన్నాను.

“నడక గురించి నేను మాట ఇవ్వను. బహుశా నడవదు.”

నాలుగు ఆసుపత్రుల్లో అందరూ నడుస్తుందనే మాట ఇచ్చారు. నూనె రాస్తే నడుస్తుంది, ఇంజెక్షన్లు చేస్తే నడుస్తుంది, పదేళ్లొస్తే తనే నడుస్తుంది. నడవదని నా మొహం మీదే చెప్పింది ఈమె ఒక్కతే. ఆమెను కొంచెం నమ్మవచ్చేమో అని మొదటిసారి అనిపించింది అక్కడే.

తిరుగు బస్సు ఎక్కాం. కిటికీలోంచి వేడిగాలి కొడుతోంది. పాప నా ఒడిలో నిద్రపోయింది. కూడేరు దాటాక నేనే అడిగాను.

“ఏమ్మే, ఆరేండ్లు ఏంటికి చెప్పల్యా నువ్వు?”

“నువ్వు అడిగింటే చెప్పేదాన్ని. నువ్వు అడగల్యా. ఊరికే చూస్తాంటివి. టికెట్ల్యానోళ్లను చూసినట్ల.”

నేను పాప తలను ఒడిలో సర్దాను.

“మా అమ్మను యాడ నిలేస్తావో అని బయపడితి. ఆ చీటీ గూడా నేనే రాయించినా. బోరింగు కాడ ఆ గొడుగు ఆమెకు అంతా చెప్పినా. నేను చెప్పినానని తెలిస్తే నువ్వు పోనీవని, నీ చేతికే ఇయ్యమన్నా.”

నా భార్య కూడా నన్ను నమ్మలేదన్నమాట. ఇంట్లో ఒకరినొకరం కనిపెట్టుకుంటూ ఆరేళ్లు గడిపాం. మా ఇద్దరి మధ్యా పడుకుని, అన్నీ చూస్తూ, ఎవరికీ ఏమీ చెప్పలేని పిల్ల ఒకతె.

ఆ తర్వాత నెల రోజులు నేను పాపను పరీక్షించాను. డాక్టరమ్మ మాట నిజమో కాదో నాకు నేను తేల్చుకోవాలి. రెండు గిన్నెల్లో ఒకదాని కింద బెల్లంముక్క దాచి, ఏది అని సైగ చేసేవాణ్ని. చూసేది. సరిగ్గా చూసేది. మళ్లీ పెట్టేవాణ్ని. వారం తిరిగేసరికి, నేను గిన్నెలు తేగానే గట్టిగా కళ్లు మూసుకోవడం మొదలుపెట్టింది. తెలివి లేక చూడటం లేదేమో అని మొదట దిగులుపడ్డాను. నా భార్య నవ్వింది.

“ఆ బిడ్డకు యాష్ట వచ్చింది, ఇసుక్కుంటాది. నిన్ను ఎవరన్నా దినామూ అట్ల అడిగితే నువ్వు గమ్మునుంటావా?”

గిన్నెలు మానేశాను. మూడు నెలలకు ఆసుపత్రి నుంచి చెవి మిషను వచ్చింది. మొదటి రోజు అది పెట్టగానే పాప భయపడి ఏడ్చింది. వీళ్లు ఏదో చేసేశారని నేను మళ్లీ అనుమానపడ్డాను. రెండో వారానికి, నా భార్య గాజుల చప్పుడు వినబడితే కళ్లు తిప్పడం మొదలైంది. డాక్టరమ్మ మధ్యలో పెద్ద చిల్లు ఉన్న అట్ట ఒకటి చేసిచ్చింది. నాలుగు మూలలా బొమ్మలు అతికించి, పాప కళ్లు పైకి పోవు కాబట్టి కొంచెం కిందికి పట్టుకుంటారు. చిల్లులోంచి మనం పాప కళ్లు చూడాలి. ఏ మూలకు చూస్తే అది కావాలని. తర్వాత బొమ్మల చోట అక్షరాలు, అంకెలు వచ్చాయి. కూడికలు నేనే నేర్పాను.

ఆ ఏడాదే పాపను ఎత్తుకుని తాడిపత్రికి వెళ్లాను. మా అత్త నన్ను చూసి లేచి నిలబడి, దొంగతనం బయటపడినదానిలా చేతులు నలుపుకుంది. “తగ్గుతాదనుకుంటిమి నాయనా,” అంది, నేనేమీ అడగకముందే. పాపను ఒళ్లోకి తీసుకోవడానికి కూడా జంకింది. నేనే పాపను ఆమె ఒడిలో పెట్టి, ఆకలిగా ఉందన్నాను. ఆ పూట అక్కడ రాగిసంగటి, పప్పు తిన్నాను.

పాపకు పదకొండేళ్లు వచ్చాక మా ఊరి బడిలో చేర్చడానికి తీసుకెళ్లాను. హెడ్మాస్టరు తలూపుతూ విన్నాడు కానీ ఒక్క ముక్క నమ్మలేదు. నేను అట్ట పట్టుకుని, ఆయన అడిగిన లెక్కకు పాప చూసిన అంకె చెప్పాను. ఆయన ముఖంలో నాకు బాగా తెలిసిన చూపు కనిపించింది.

“అంకె పాప చెప్పిందో, నువ్వు చెప్పినావో నాకెట్ల తెలుస్తాదప్పా? అట్ట నువ్వు పట్టుకోని ఉండావు.”

నాకు కోపం రాలేదు. ఆయన చోట నేనుంటే అదే మాట అనేవాణ్ని.

“అట్ట మీరే పట్టుకోండి సార్. నేను బయటికి పోతా.”

“బయటంటే వాకిట్లో కాదు. కాంపౌండు గోడ అవతలికి పో.”

గోడ అవతల తుమ్మచెట్టు కింద నిలబడ్డాను. ఎండ మాడిపోతోంది. లోపల ఏం జరుగుతోందో కనబడదు, వినబడదు. ఆయనకు చిల్లులోంచి చూడటం చేతకాదేమో, పాప మొండికేసి కళ్లు మూసుకుందేమో అని కాలు నిలవలేదు. ఇరవై నిమిషాలు గడిచి ఉంటాయి. హెడ్మాస్టరే గేటు దాకా వచ్చాడు. చేతిలో అట్ట అలాగే ఉంది.

“కూడికలొచ్చు. తీసివేతల్లో అప్పు తీసుకునేది రాదు,” అన్నాడు. “సోమవారం నుంచి తీస్కరా. మూడో తరగతిలో కూర్చోబెడతా.”